మూత ఎక్కడుంది

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళంతా
నల్లా ఏ రోజు వస్తుందని అడిగారు,
ఈశాన్యం పెరిగిందా అని
చెప్పులతోనే అడుగులు కొలిచారు.
మెహరున్నీసా ఒక్కతే, నైట్ డ్యూటీ దిగి వచ్చిన నర్సు,
చాయ్ కప్పు కింద పెట్టి అడిగింది:
"ఆంటీ, సెప్టిక్ ట్యాంక్ మూత ఎక్కడుంది?"

జిల్లెలగూడ నుంచి కోఠీ దాకా
ఇరవై నాలుగేళ్ళు టికెట్లు కొట్టినదాన్ని.
ఏ సీట్లో ఎవరు, ఏ స్టేజీలో దిగాలో
నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.
నా ఇంటి కింద టికెట్ లేకుండా
ఇన్నేళ్ళు కూర్చున్నదెక్కడో
చెప్పలేకపోయాను.

కాగితాలన్నీ ఉన్నాయి.
లింకు డాక్యుమెంట్లు, ఇంటి పన్ను రశీదులు,
అప్పు చేసి కట్టిన ఎల్ఆర్ఎస్ చలానా.
నీలం ప్లానులో వెనక సందున
చిన్న డబ్బా గీసి ఉంది: మూడు గదులు, పక్కన ఇంకుడు గుంత.
సందులో తవ్విస్తే
ఎర్రమట్టి, ఒక పగిలిన గోళీసోడా సీసా.

మేస్త్రి ఈదయ్యకు ఫోన్ చేస్తే కోడలెత్తింది.
"మామకు మనుషులే యాదికి లేరమ్మా."
అయినా ఫోన్ ఆయన చెవికి ఆనించింది.
చాలాసేపు ఊపిరి.
తర్వాత, ఇప్పుడే తాపీ కడిగి లేచినట్టు:
"మిషన్ కుట్టేటోని కాళ్ళ కింద సూడు."

కిరాయి కోసం ముందు వేసిన షట్టర్.
టైలర్ దశరథం మిషన్ రోడ్డు మీదికి జరిపాడు,
సగం కుట్టిన పెళ్ళి జాకెట్లు భుజానేసుకుని నిలబడ్డాడు.
టైల్స్ పగిలాయి. మూత లేచింది.
ట్యాంకరు బాల్‌నర్సు
ముందు దశరథం బీడీ ఆర్పించాడు,
పిల్లల్ని తరిమాడు,
పైపు వదిలి వెనక్కి నిలబడ్డాడు.
"లోపటికి దిగుడు లేదమ్మా, ఎన్ని పైసలిచ్చినా.
మా అన్న దిగిండు. ఎక్కలే."
ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.

అంతా లాగేశాక పొడుగు వెదురు దింపాడు.
అది ఎక్కడా ఆగలేదు,
మెత్తగా, ఇంకా మెత్తగా పోయింది.
"దీనికి అడుగు లేదమ్మా.
భూమే తాగింది ఇన్నొద్దులు."

అక్కణ్ణుంచి మా బోరుకు పద్దెనిమిది అడుగులు.
టేపుతో రెండుసార్లు కొలిచాను.
నల్లా రాని ఎండాకాలాలు గుర్తొచ్చాయి,
వానపడగానే పిల్లలకు పట్టుకునే విరేచనాలు.
నాలుగేళ్ళు ఆ పానీపూరి బండివాణ్ణి
వీధి వీధంతా వినేట్టు తిట్టాను.
పాపం, అతని పేరు కూడా తెలీదు.

బ్రోకర్ విఠల్ నవ్వాడు:
"టైల్స్ ఏసెయ్ మేడమ్. ఎవరడుగుతరు?"
నిజమే.
రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర అడుగుతారు, ఫోటో అడుగుతారు,
నాలుగు వైపులా ఎవరున్నారో రాయమంటారు.
ఐదో వైపు ఒకటుంది,
కింది వైపు. దానికి గడి లేదు.

చిల్లర లేనప్పుడు
టికెట్ వెనక బాకీ రాసిచ్చేదాన్ని.
రూపాయిన్నర కోసం
స్టాపు దాటి పరుగెత్తి ఇచ్చిన రోజులున్నాయి.
ఆ రాత్రి ప్లాను తిరగేసి
అదే వంకర చేతిరాతతో రాశాను:
అడుగున్న ట్యాంకు ఒకటి, మూడు గదులు.
బోరు మూసివేత.
ఇవ్వవలసినది నేను. రిజిస్ట్రేషన్‌కు ముందే.

మెహరున్నీసా రెండు వైపులా చదివింది.
ధర ఇంకో లక్ష తగ్గించమంది. తగ్గించాను, కాస్త గొణిగి.
దశరథం వేపచెట్టు కింద గొడుగు కట్టుకుని
ఆ నెలంతా అక్కడే కుట్టాడు.

కొత్త మూత గేటు పక్కనే పెట్టించాను.
ఇనుప కడియాలు రెండు, తెల్ల రంగు.
వచ్చినవాళ్ళు దాని మీద కాలు పెట్టే
లోపలికి రావాలి.